రెండో కాలి కొలత

చండూరు బస్టాండు వెనక, మెట్ల కింద
అండాలు మిషన్ కుట్టే జాగాకు బోర్డు లేదు.
అట్టముక్క మీద సుద్దతో రాసి పెట్టింది:
ఇక్కడ ఆల్టర్ చేయబడును.
"బడును" సగం తుడుచుకపోయింది.

కామెర్లు వచ్చి పోయినంక నా ప్యాంటు
నడుం కాడ నాలుగు వేళ్లు వదులు.
ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పినోణ్ణి,
ఊకె కూసోబుద్ధిగాక అడిగిన:
ఆ ఆల్టర్ అనే మాట యాడిదో ఎరుకేనా?

పళ్లతో దారం తెంపి అన్నది:
"యాడిదైతేంది సారూ, రేటు ఇరవై."

అయినా చెప్పిన.
లాటిన్ల పుట్టింది, ఫ్రెంచోళ్ల ఇండ్లళ్ల పెరిగింది.
మొదలు అది పనే కాదు, ఒట్టి వేలు చూపుడు.
ఇద్దరు నిలబడితే
ఈయన కాదు, ఆ రెండో ఆయన అని.
ఉన్నదాన్ని పట్టి రెండోదాన్ని చేస్తే
అప్పుడు క్రియ అయింది.

మిషన్ ఆగింది.
"గంతేనా? మన మారు లెక్కనే గద.
మారుబట్ట. మారుతాళం.
మారు వడ్డించుమంటే ఇంకోపారి.
మారుమనువు పోయినదాన్ని,
నాకు చెప్తున్నవా సారూ!"
నవ్వుకుంట మళ్ల తొక్కింది.

మారు, మార్చు.
ముప్పై ఏండ్లల ఒక్కనాడన్న
ఆ రెంటినీ ఒక్క బెంచి మీద కూసోబెట్టలేదు నేను.

ప్యాంటు నా ఒళ్లో పడేసింది. "కత్తిరించలే.
లోపటికి మడిచిన. ఒళ్లు చేస్తే ఇప్పుకో."
తిరగేసి చూసిన:
ఎండ తగలని మడతలో
కొన్ననాటి నీలం.

అప్పుడే దిగిండు మర్రిగూడ బస్సుల నుంచి ముత్యాలు,
చంకల కొత్త ప్యాంటు.
చిన్నప్పటి బోరునీళ్లు
ఎడమ మోకాలిని లోపలికి వంచినయి.
"ఏటేటా ప్యాంటెందుకక్కా,
కాలునే ఆల్టర్ చెయ్యరాదు?"
"చేద్దునురా.
కాలుకు లోపట గుడ్డ ఉంచలే ఎవడూ."
ఇద్దరూ నవ్విండ్రు. నాకు రాలేదు.

కుడికాలు కొలవనేలేదు ఆమె.
అది దుకాణపోడు కొలిచిందే.
నేల మీద గొంతుక్కూసొని
రెండోదాని పక్కన టేపు జారవిడిచింది,
వంపు కాడ వేలుతో ఆపి, మళ్ల విడిచి.

గోడ మీద వాడి పేరు కింద
పోయినేడు రాసిన ముప్పై ఐదు ఇంకా ఉంది.
దాన్ని తుడవలేదు.
పక్కన రాసింది:
ముప్పై నాలుగున్నర.