చప్పుడు చెయ్యొద్దు

రూబేలో మా నూలు మిల్లు మూసేసిన ఏడాది
పారిస్ నుంచి సినిమావాళ్ళు దిగి
మగ్గాల షెడ్డుని నైట్‌క్లబ్ చేశారు.
నూనె మరకల మీద ఎర్ర తివాచీ, ప్లైవుడ్ బారు,
పని పోయిన మేమే అందులో డబ్బున్న జనం,
రోజుకి నలభై ఫ్రాంకులు.

నడుం దాకా తళుకుల గౌను.
కింద, కెమెరా చూడని చోట, ఉన్ని మేజోళ్ళు.
అడుగుల చప్పుడు మైకులో పడకూడదట.
సంగీతమూ లేదు, తర్వాత అతికిస్తారట.
షాంపేన్ గ్లాసుల్లో చల్లారిన టీ.
"నవ్వండి, ఊగండి, మాట్లాడినట్టు పెదాలాడించండి,
గొంతు మాత్రం రాకూడదు" అన్నాడు దర్శకుడు.
ఇరవై రెండేళ్ళు మగ్గాల హోరులో
పెదాలు చూసి కబుర్లు చెప్పుకున్నవాళ్ళం,
మాకా నేర్పడం!

కథంటారా,
అప్పులవాళ్ళకి భయపడి క్లబ్బు యజమాని
ఒక బాతుని పియానోలో దాస్తాడు.
ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

పాట లేకుండా నలభై మంది
ఒక్క తాళానికి ఎలా ఆడతారు?
లోరెట్ నావైపు తిరిగి పెదాలతోనే అంది:
ఏడో నంబరు మగ్గం.
అంతే. నాడె ఇటు, నాడె అటు,
భుజం ఇటు, భుజం అటు,
జిగ్మున్ట్‌కి అందింది, గిస్లేన్‌కి అందింది,
షెడ్డు చివర దాకా పాకింది.

రెండు వారాలాడి పోయిందా సినిమా.
"వెనకాల జనానికి డాన్సు రాదు,
ట్రంపెట్ ఒక దారి, కాళ్ళు ఒక దారి" అని
పత్రికవాడొకడు రాశాడు.
నిజమే. ట్రంపెట్‌కి నేత రాదు.

మొన్న గురువారం టౌన్‌హాల్లో వేశారు, మిగిలిన ఒక్క ప్రింటు.
పదకొండు మందిమి. బాతు వచ్చినా ఎవరూ నవ్వలేదు.
యాభయ్యో నిమిషంలో, పియానో మూత పక్కన
లోరెట్ వీపు.
జిప్పు ఊడితే నేను పెట్టిన పిన్నీసు
దీపం పడి మెరిసింది. మూడు క్షణాలు.
ఆమె పోయి పంతొమ్మిదేళ్ళు.

"కాస్త వెనక్కి తిప్పు బాబూ" అన్నాను.
"పాత రీలమ్మా, మధ్యలో ఆపితే తెగుతుంది.
కావాలంటే మొదట్నుంచీ వేస్తా."
వెయ్యమన్నాను.
కోటు వేసేసుకున్న జిగ్మున్ట్ మళ్ళీ విప్పి
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
మగ్గాలు తినేసిన చెవులతో అతనికి
ట్రంపెట్ ఎలాగూ అడ్డురాదు.

రెండోసారి బాతు తల బయటపెట్టగానే
ఎక్కడినుంచి వచ్చిందో నవ్వు,
ఇద్దరికీ ఆగలేదు.
ముందు వరసలో కుర్రాడొకడు వెనక్కి తిరిగి
పెదాల మీద వేలు పెట్టాడు.