తడిగుడ్డ

మైదా దండగ కాకూడదని
మొదటి నెలంతా చేతికి తడిగుడ్డే ఇచ్చారు.
వాల్టాక్స్ రోడ్డు వెనక సందులో
పదకొండున్నరకి షట్టరు సగం దించాక
నూనె తాగి నల్లబడ్డ బండ మీద
ఆ గుడ్డే పరోటా అనుకుని విసరాలి.
"కొంగులా కాదురా, వలలా. గాల్లోనే విచ్చుకోవాల"
అనేవాడు సెల్వరాజు మాస్టరు,
తమిళంలో తిట్టి తెలుగులో బుజ్జగించే మనిషి.

నా గుడ్డ మాత్రం ప్రతిసారీ
తడిసిన కాకిలా పడేది.
మణికట్టుది ఒక దారి, భుజానిది ఇంకో దారి.
నూరు విసుర్లు, నూటయాభై, రెండొందలు...
బియ్యం డ్రమ్ము మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకునేవాణ్ణి.
చివరి యాభై
మొదటి యాభై కన్నా అధ్వాన్నం.

"చాల్రా ఓబులేసూ, పండుకో."
"ఇంకో యాభై, మాస్టరూ."
"నీకు రాదు. నువ్వు పండుకుంటే నీ చేతికొస్తాది."
వెటకారమనుకున్నాను.

ఆదివారం ఓనరు చూస్తానన్నాడని
శనివారం రాత్రి కన్ను మూయలేదు.
పాలవ్యాను హారన్ కొట్టేదాకా విసురుతూనే ఉన్నా.
తెల్లారి అసలు పిండి చేతిలో పెడితే
నడుమ చిరిగి
నా మోచేతికి గాజులా వేలాడింది.
ఓనరు ఏమీ అనలేదు.
ఎంగిలి ప్లేట్ల తొట్టి వైపు చూపించాడంతే.

పదకొండు రోజులు సల్నా జిడ్డు కడిగాను.
మధ్యాహ్నం మూడింటికి, గిరాకీ లేనప్పుడు,
మాస్టరు అరగంట విసరనిచ్చేవాడు.
రాత్రి పదికి ఇంకో ఇరవై నిమిషాలు.
చేతికి రుచి తగిలే వేళకి గుడ్డ లాక్కునేవాడు.
"నానని పిండిని సాగదీస్తావా?" అని ఒకటే మాట.

మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పడక.
బేసిన్ బ్రిడ్జి వైపు బళ్ళు మూలుగుతూ పోయేవి.
"నిద్దట్లో నా మొహమ్మీద పరోటా వేస్తన్నావురా"
అని టీ కొట్టు ఇర్ఫాన్
చాప అటు చివరికి జరుపుకున్నాడు.

పన్నెండో పొద్దున
ఉతికిన గుడ్డ తీగ మీద ఆరేద్దామని
ఊరికే విదిలించాను.
విచ్చుకుంది.
గుండ్రంగా, పల్చగా,
దాని గుండా అవతలి మేడ మీది యాంటెన్నా కనపడేంతగా.
మళ్ళీ విదిలించాను. మళ్ళీ.
రాత్రి పదింటికి రాని పని
పొద్దున ఆరింటికి ఎట్లా వచ్చింది?
మధ్యలో నేను లేనే!

ఇప్పుడు నా దగ్గరొక కుర్రాడు, చెంచయ్య.
ఒంటిగంటకి లైటు నేనే ఆర్పేస్తాను.
"నీకు రాదు, పండుకో" అంటాను.
మొహం మాడ్చుకుంటాడు.
వాడికి చెప్పనిది ఒకటుంది:
ఈ మధ్య నాకు నిద్ర సరిగా పట్టదు.
చేతికి కొత్తగా నేర్చుకునేదేం మిగల్లేదో ఏమో.

కింద చీకట్లో
మళ్ళీ గుడ్డ పడ్డ చప్పుడు.
లేచి తిట్టాలి.
నలభై ఒకటి.
నలభై రెండు.