పల్లమెరిగిన నేల

మతుజీన్యుష్ రేవులో
ఆ సార్డీన్ చేపల ఫ్యాక్టరీని మేం కొన్నప్పుడు
పైకప్పులో పదకొండు రేకులు లేవు.
ఉన్నవాటి మీద సముద్రపు కాకుల కాపురాలు.
బ్యాంకు ఆఫీసరు కాగితం మీద
"నివాసయోగ్యం కాదు" అని రాసి
అప్పు మాత్రం ఇచ్చాడు.

ఆర్కిటెక్ట్ లియుపోల్దు మొదటిరోజే
జేబులోంచి గోళీ తీసి నేల మీద పెట్టాడు.
అది ఒక్క క్షణం ఆలోచించుకుని
బయల్దేరింది
ఇనప స్తంభాల మధ్యనించి, తుప్పు మరకల మీదుగా,
గది ఆ చివర, గోడవార కాలవలోకి
టక్కున.
"ఇరవై రెండు సెంటీమీటర్ల వాలు" అన్నాడు
రోగం పేరు చెప్పే డాక్టరులా.
"కాంక్రీటు పోసి సమం చేద్దాం."

ఎంతవుతుందో లెక్క వేశాం.
వేశాక, వాలుతోనే ఉందామనుకున్నాం.
ఇందులో ఆదర్శమేం లేదు.

మంచానికి ఒకవైపు కోళ్ళ కింద చెక్కముక్కలు.
జారిపోయిన బఠాణీలు, బొత్తాలు, అన్సెల్ము పెన్సిళ్ళు
శనివారం దాకా కాలవలో నాకోసం ఎదురుచూస్తాయి.
శనివారం ఎగువన నిలబడి బకెట్ కుమ్మరిస్తాను.
నీళ్ళు పల్లమెరుగును.
చీపురుతో పెద్ద పనుండదు.

గోడలు గీకితే పొలుసులు.
మూడు పొరల సున్నం కింద కూడా
గోటి మీది చంద్రవంకంత వెండి.
అన్సెల్ము వాటిని అగ్గిపెట్టెలో దాచాడు,
ఎందుకని అడిగితే తెలీదన్నాడు.
వాన పడ్డ రోజు ఇటుకలు నోరు తెరుస్తాయి.
ఉప్పూ, నూనే, ఆవిరీ.
రెండద్దాల కిటికీల్నీ, కొత్త రంగుల్నీ
లక్ష్యపెట్టకుండా లోపలికొచ్చి
సోఫాలో కూచుంటుంది వాసన.
పిల్లులకి ఎవరు కబురు పెట్టారో!
ఫ్యాక్టరీ మూసి ముప్పై ఏళ్ళు,
వీటి ముత్తవ్వలు కూడా ఇక్కడొక తోకముక్క తిని ఉండవు.
అయినా గుమ్మంలో వరసగా కూచుని
జీతాలనాటి కూలీల్లా మావైపు చూస్తాయి.

ఎదురింటి ఫెలిజ్మీన గారిని
ఒక ఆదివారం కాఫీకి పిలిచాం.
పెద్ద కిటికీలోంచి సముద్రం చూపించాలని
అన్సెల్ము ఆరాటం.
ఆవిడ అటు చూడనేలేదు.
స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నడిచి
ఐదోదాని దగ్గర, మా ఫ్రిజ్ ముందు, ఆగింది.
"ఇక్కడ నేను. ఇటు ఒలీంపియ.
అటుపక్క ఒక నత్తి అమ్మాయి, పేరు రావట్లేదు."

ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో కూత ఉండేదట.
పడవ ఏ అర్ధరాత్రి ఒడ్డుకొచ్చినా
నిద్రలోనే తమ కూతని పోల్చుకుని
చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేవారట.
"మొగుడు పిలిస్తే ఎప్పుడూ అంత త్వరగా లేవలేదు"
అని నవ్వింది.
నవ్వుతుండగానే చేతులు
వాటంతటవే మొదలెట్టాయి.
తల తుంచి, పేగు లాగి, పక్కకి పేర్చి,
ఒకటి ఇటు తల, ఒకటి అటు తల.
ఇరుకులో ఎలా సర్దాలో
మా లియుపోల్దు కన్నా బాగా తెలిసిన చేతులు.

వంటగట్టు మీద అరచెయ్యి ఆన్చి చూసింది.
"ఎత్తు బానే పెట్టించుకున్నావు. మాది ఇంకా కిందకి ఉండేది."
ఎంత కిందకని అడగబోయి
ఆవిడ వీపు చూసి ఊరుకున్నాను.

పడగ్గది గుమ్మంలో గొంతు తగ్గించింది,
లోపలెవరో నిద్రపోతున్నట్టు.
"పసిపిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టేవాళ్ళం.
డబ్బాల పెట్టెల్లో గోనె పరిచి, పెట్టెకి ఇద్దర్ని.
ఒకరు ఇటు తల, ఒకరు అటు తల."
ఆ మాట తనకే వినబడిందో ఏమో
కాసేపు ఆగింది.
తర్వాత మంచం కింది చెక్కముక్కల్ని చూసి
"తల ఎగువకే పెట్టుకుంటారుగా?" అంది.
పెట్టుకుంటామన్నాం ఇద్దరం, బళ్ళో పిల్లల్లా.

కాఫీ చల్లారిపోయింది. తాగలేదు.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో పిల్లుల్ని చూసి
చెయ్యి విదిలించి
"పొండి, ఇవాళ పడవ రాలేదు" అంది.
నేను నీళ్ళు చల్లినా కదలనివి
ఒకదాని వెనక ఒకటి లేచి
రేవు వైపు వెళ్ళిపోయాయి.