వణకాల్సిన చెయ్యి

పెరంబూరు వంతెన మీద ఆఖరి లోకల్ చప్పుడు అణిగాక
ఫోనుని పప్పు డబ్బాకి ఆనించి కూచుంటాను.
గురువుగారి కంటే ముందు ఎవరో పిల్ల వచ్చి
మోకాళ్ళ నొప్పుల నూనె అమ్ముతుంది.
ఐదు క్షణాలు ఓర్చుకోవాలి.
ఉచితంగా చెప్పే చదువుకి అదే దక్షిణ.

ఆయన పేరు నాకు నోరు తిరగదు.
ఏ దేశమో తెలీదు, వెనక కిటికీలో ఎప్పుడూ ముసురే.
ఆయన మాటల్లో నాకు అందేది ‘రిలాక్స్’ ఒక్కటే,
అది పది నిమిషాల్లో పద్నాలుగు సార్లంటాడు.
వేగం సగానికి తగ్గిస్తే
కల్లు పడ్డవాడిలా నాలుక సాగుతుంది గానీ
చెయ్యి తేటపడుతుంది:
బొటనవేలి కింద పిక్కు ఎంత వదులుగా ఉందో,
జంట తీగల్ని ఎంత ఏటవాలుగా తాకుతోందో,
మణికట్టు, దండెం మీది తడిగుడ్డలా.

నాది మూర్ మార్కెట్టులో కొన్న మాండొలిన్.
ఎనిమిది తీగలన్నాడు అమ్మినవాడు,
ఇంటికొచ్చి లెక్కపెడితే ఏడు.
ఎడమచేతితో పేచీ లేదు.
తీగలు కోస్తాయని ఆయన తన వేళ్ళు ఊదుకుని చూపిస్తాడు,
నా వేళ్ళకి ఆ కబురు ఇంకా చేరలేదు.

చిక్కంతా కుడిచేతిది.
ముప్పై ఒక్క ఏళ్ళు రైలుపెట్టెలకి అతుకులేసిన చెయ్యి.
ఫ్యాక్టరీలో చేరిన వారమే ఆరోగ్యం మేస్త్రీ
నా మణికట్టు మీద నిండు టీగ్లాసు పెట్టి
వెల్డింగు వెలిగించమన్నాడు.
ఒలికితే డబ్బులు నీవే, అన్నాడు అరవంలో.
ఆ నెల జీతంలో సగం టీకే పోయింది.
మరి ఒలకలేదు, ఇవాళ్టిదాకా.
తాళి కట్టేప్పుడు కూడా నా చెయ్యి వణకలేదని
మా సుభాషిణి ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి చేతిని
ఈయన వణికించమంటాడు.
పన్నెండో పాఠం, ట్రెమొలో.
నెలన్నరగా అక్కడే పడి ఉన్నాను.
కిందికి, పైకి, కిందికి,
గొళ్ళెం కొట్టినట్టు.
పక్కవాటా పరంజ్యోతి గోడ తట్టి
‘ఎలక పట్టిందా అన్నా’ అని అడిగింది.

నిన్న రాత్రి
తొమ్మిదో నిమిషంలో ఆయన పిక్కు జారి
మాండొలిన్ కడుపులో పడింది.
ఆ ముక్క కత్తిరించి పారెయ్యొచ్చు, పారెయ్యలేదు.
బోర్లించి ఊపాడు. మళ్ళీ ఊపాడు.
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.
ఊపుతున్నంతసేపూ ఆ మణికట్టుకి పాఠం గుర్తు లేదు.

నాదీ బోర్లించి ఊపాను, అందులో ఏమీ పడకపోయినా.
రాలింది.
గోధుమరంగు పిక్కు, ఒక మూల అరిగిపోయి.
ఎవరిదో.
నాకు ముందు ఎవరో ఇంతవరకూ వచ్చారన్నమాట.

దాంతోనే మీటాను.
మీటిన స్వరం నిలవదు, తీగకి అంత ఊపిరి లేదు.
అది పోయేలోపు ఇంకోటి, అదీ పోయేలోపు ఇంకోటి.
ఇదేదో తెలిసిన పనే అనిపించింది.
కడ్డీ కూడా బొట్టుబొట్టుగానే కదా కరిగేది,
ఆరాక చూసినవాడికి ఒకటే గీత.
నాలుగు క్షణాలు నిలిచింది.
తర్వాత మళ్ళీ గొళ్ళెమే.

ఇవాళ షాపులో తిరునావుక్కరసు సారు
నా అతుకు మీద ఒకచోట సుద్దతో చుట్టాడు.
‘ఇదేంటయ్యా, ఇక్కడ అల?’
అరగదీసి మళ్ళీ వేస్తానన్నాను.
లైటు దగ్గరికి లాగి, వేలితో తడిమి, గోటితో గీకి చూశాడు.
గట్టిదేలే, అని సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

ఆ పెట్టె వచ్చే నెల
గౌహతి బండికి తగిలిస్తారట.