గడికి దీర్ఘమిస్తే

పరకాల దాటి, చలివాగు దాటి
గుండ్లవంపులో బస్సు దిగేసరికి
సంచిలో టేపు, గళ్ల కాగితం, రెండు పెన్సిళ్లు.
పెద్ద గడితో నాకు పనిలేదు.
దాని బొమ్మ ఎప్పుడో పూర్తయింది, ముఖం మీది సింహాలతో సహా.
నేను కొలవాల్సింది వెనకనున్న లాయం.

గడికి దీర్ఘమిస్తే గాడి.
గడిలో దొర తినేవాడు, గాడిలో గుర్రం తినేది.
నడుమ ఆ దీర్ఘమంత వాకిలి:
డెబ్బై రెండు అడుగులు, పల్లేరుకాయలు కలిపి.

ఉత్తరాన కమాను.
సవారీ మనిషి తలపాగా వంచకుండా దూరేంత ఎత్తు.
నడినెత్తి రాయి మాత్రం వేలెడు పక్కకు జరిగింది.
"కట్టిన్నాడే జరిగిందట," అంది ఓదెమ్మ, మొలలోని తాళంచెవులు సర్దుకుంటూ.
"గానుగ ఎద్దు సచ్చిపోతే మనుషుల్ని కట్టి సున్నం తిప్పిచ్చిండ్రు.
అలిసిన సున్నం గట్టిగ పట్టది బిడ్డా."

లోపల ఇప్పుడు యూరియా బస్తాలు.
కళ్లు మండుతుంటే టేపు కొస ఆమె పట్టుకుంది.
అర ఒక్కోటి పన్నెండు అడుగులు, పది అడుగులు.
డెక్క జారకుండా నల్లరాతి నేల మీద ఉలి గీట్లు,
తడి నిలవకుండా కాలువ వైపు వేలెడు వాలు,
వేడి ఊపిరి పైకి పోవడానికి
దూలాల కింద వరుసగా గాలి గూళ్లు.
ఆ మేస్త్రీకి గుర్రం తెలుసు.
గాడి అంచు మీద అరచెయ్యి పెట్టాను.
మెడలు రాసి రాసి రాయి పల్లమైంది, నున్నగా,
ఎవరో ఇప్పుడే లేచిపోయిన పరుపులా.
పైన గచ్చులో చెక్కిన పేరు: షబ్నం.

మూడో అరకూ నాలుగో అరకూ నడుమ
గోడలో ఇంకో గూడు.
పొడవు నాలుగడుగుల ఆరంగుళాలు, లోతు రెండున్నర.
వాలు లేదు. కాలువ దాని కిందనుంచే పోతుంది.
'జీను సామాను' అని రాసుకున్నాను.

"సామాను కాదు," అంది. "మా తాత."

సైసు నాంపల్లి.
రాత్రి గుర్రం దగ్గితే వినబడాలని అక్కడ పడుకోబెట్టారు,
ఇరవై రెండేళ్లు, మోకాళ్లు గడ్డానికి ముడుచుకుని.
"పాడె మీద గూడ కాళ్లు సాగలేదట.
అట్లనే, కూసున్నట్టే తీస్కపోయిండ్రు."

రబ్బరు అడిగితే తన మనుమడి సంచిలోంచి తెచ్చిచ్చింది.
రాసింది చెరిపాను.
ఆమె కాగితం మీదికి వంగి చూసింది.
"గుర్రమంత జాగ
గీ కాయితం మీదనన్న ఇయ్యరాదు?"

ఇవ్వలేను ఓదెమ్మా.
అడుగుకి పావంగుళం లెక్క.
గూడు ఎంతుందో అంతే గియ్యాలి,
లేకపోతే రేపు ఎవరో వచ్చి
మీ తాత హాయిగానే పడుకున్నాడంటారు.

గూడు గీశాను, ఉన్నంత.
అందులో పేరు రాయబోతే 'నాం' దగ్గరే గోడ తగిలింది.
మిగతా అక్షరాలు ఆగలేదు,
గీత దాటి, కాలువ దాటి,
షబ్నం అరలోకి కాళ్లు చాపుకున్నాయి.

అయిదూ పదికి ఆఖరి బస్సు.
పడమటి వరుస ఇంకా కొలవలేదు.
అక్కడా గోడల్లో గూళ్లున్నాయి,
తాళం తియ్యకముందే లెక్కపెట్టాను, నాలుగు.