ఖాళీగా ఉన్నవాడు

ఫోర్ట్ వేన్ దాటాక మంచు ముదిరింది.
నాలుగు గంటలు నడిపాను,
హీటరు ఒక్క కాలికే పనిచేసే కారు.
పక్కసీట్లో చల్లారిన కాఫీ, ఒక ఫైలు:
ఎమరీ క్రెన్‌షా. పదిహేడేళ్లు. ఆరడుగుల మూడంగుళాలు.
తండ్రి పేరు రాసే గడి ఫారంలో లేదు.
ఉండక్కర్లేదు కూడా.

జిమ్ తలుపు తీస్తే పాప్‌కార్న్, తడిసిన బూట్లు.
గోడ మీద అద్దం వెనక ముప్పై మూడేళ్ల నాటి జెర్సీ,
ఇరవై రెండు.
దాని కింద కొడుకు ఒళ్లు వేడెక్కించుకుంటున్నాడు,
నాలుగు.

నాలాంటివాళ్లం పన్నెండు మందిమి,
చొక్కాల మీద పన్నెండు కాలేజీల పేర్లు,
పెళ్లిచూపులకొచ్చినట్టు మోకాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చున్నాం.
కుర్రాడి నడక చూస్తాం, చేతుల పొడవు చూస్తాం,
మధ్యమధ్య, పై వరసలో
టోపీ కళ్లమీదికి దించుకున్న రోలాండ్ వైపు చూస్తాం.

'పులి కడుపున పులే పుడుతుంది'
అన్నాడు కెంటకీ నుంచి వచ్చినవాడు.
కుర్రాడి మొదటి షాటు రింగును కూడా తాకలేదు.
జిమ్ మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.
వాడి మీద కోపం కాదది.
తమకి బాగా తెలిసిన పేరుని
ఎవరో తప్పు పలికినట్టు.

ఎవరూ అడగరు గనక నేనే చెప్పాలి:
ఆ ఇరవై రెండు పక్కన, ఇదే చెక్కనేల మీద,
నాలుగేళ్లు నేను పదకొండు.
కుడి మూల నాది.
నాకు కాపలా ఉండేవాడే కాదు,
ఎందుకుంటాడు, ఐదుగురూ అతని మీదే.
చేతులు చాపి నిలబడేవాణ్ణి.
బంతి రాలేదు.
ఒకసారి వచ్చింది, రింగుకి తగిలి, పొరపాటున.
తర్వాత అతను పెద్ద నగరాల్లో ఆడాడు,
బూట్ల మీద అతని పేరు అచ్చేశారు.
మేం కప్పు గెలిచిన ఫొటోలో నా మోచెయ్యి ఉంది.
నాకేం బాధ లేదని మా ఆవిడతో చాలాసార్లు అన్నాను.

రెండో సగంలో పెన్ను ఆగిపోయింది.
ఎమరీ బంతిని చూడడు.
అందుకునేవాణ్ణీ చూడడు.
ఇంకా ఎవరూ చేరని చోటికి విసురుతాడు.
ఆ చోటికి ఎవడో ఒకడు పరిగెత్తుకొస్తాడు,
తననెవరు పిలిచారో తెలియని మొహంతో.
పద్నాలుగు లెక్కపెట్టాను.
అందులో తొమ్మిది ఆ పిల్లలు గురి తప్పారు.
స్కోరు పుస్తకంలో ఆ తొమ్మిదీ లేవు,
పడని షాటుకి, ఇచ్చినవాడి పేరు ఎక్కదు.

హెడ్ కోచ్ ఫోను.
తండ్రిలా వేస్తాడా?
వెయ్యడు.
టికెట్లు పోతాయా?
పేరుకి పోతాయి, డిసెంబరు దాకా.
అటువైపు చాలాసేపు ఏమీ లేదు.

జనం వెళ్లాక రోలాండ్ కిందికి దిగాడు,
మోకాలు నొప్పి, ఒక్కో మెట్టూ ఆగి.
నా చెయ్యి పట్టుకుని ఊపి
'నిన్నెక్కడో చూశాను' అన్నాడు.
చూసే ఉంటావన్నాను.

కుర్రాడు బంతిని నేలకి కొడుతూ అడిగాడు:
'నా ఇంటిపేరు ఇంకోటైతే
ఇంత మంచులో వచ్చేవారా?'
లేదన్నాను.
'ఇంతకుముందు పదకొండు మందీ అవునన్నారు'
అని నవ్వాడు, నవ్వుతూనే
తండ్రి కోటు అందుకోడానికి అటు తిరిగాడు.

తిరుగుతూ విసిరాడు.
నేను కుడి మూలకి ఎప్పుడు నడిచానో,
చేతులు ఎప్పుడు చాపానో.
అరచేతుల్లో టప్పున పడింది, గరుగ్గా, వెచ్చగా.

లైట్లు ఒక్కో వరసే ఆర్పుతున్నారు.
యాభై ఒక్కేళ్లు, చలికోటు, తోలు బూట్లు.
వేశాను.
తప్పింది.

కారులో కూర్చుని ఫైలు తెరిచాను.
పద్నాలుగు కొట్టేసి,
ఏ గడీ లేని అంచులో
పదిహేను అని రాశాను.