లోకం ఆర్ట్స్

కాశీబుగ్గ బస్టాండు ఎదుట
ఇరవై రెండేళ్లు నా చేతిరాత వేలాడింది.
జీడిపప్పు హోల్‌సేలు, మంగళగౌరి ఫ్యాన్సీ,
మూలవ్యాధికి నాటువైద్యం.
ఏ బోర్డైనా కింద కుడిమూల
చీమతలంత అక్షరాల్లో నేనుండేవాణ్ణి:
లోకం ఆర్ట్స్.
లోకనాథం అంటే ఎవరికీ తెలీదు.

ఫ్లెక్సీ వచ్చింది.
పొద్దున్న చెప్తే మధ్యాహ్నానికల్లా
పుట్టినరోజు కుర్రాడు నిలువెత్తున నవ్వుతున్నాడు.
నా కుంచెలు కిరసనాయిల్లో నాని నాని
వెంట్రుకలు రాల్చుకున్నాయి.

ఇప్పుడు హైవే పక్క
ఇంటర్నేషనల్ స్కూల్లో ఆర్ట్ సారుని.
ఇంటర్నేషనల్ అంటే
వరండా గోడమీద ఇరవై నాలుగు దేశాల జెండాలు.
అవీ నేనే వేశాను, ఫోన్లో చూసి.
ఒక దేశం తలకిందులైంది.
ఇంతవరకూ ఎవరూ పోల్చలేదు.

మూడో తరగతి. ముప్పై ఒక్క మంది.
"మీ ఇష్టం, ఏదైనా గీయండి" అన్నాను మొదటిరోజు.
ముప్పై కాగితాలమీద రెండు కొండలు,
నడుమ సూర్యుడు, కిందికి ఒక ఏరు.
మందస కొండలు కిటికీలో నిలబడే ఉన్నాయి,
అటు ఒక్కరూ చూడలేదు.

ముప్పై ఒకటో కాగితం బమ్మిడి ధృతికది.
చెట్టు పడుకుని ఉంది.
వేళ్లు సగం గాలిలో,
కొమ్మలు నేలమీద మోచేతులు ఆనించుకుని,
ఒంటినిండా ఎర్రటి జీడిపళ్లు,
పండు పండుకీ కింద ఒక పిక్క.
కాగితం తిప్పి చూశాను,
అడ్డంగా, నిలువుగా.
"షీటు సరిగ్గా పట్టుకోవాలమ్మా" అన్నాను.
గుంట నావైపు చూసి ఊరుకుంది.
ఇంగ్లీషులో చెప్పాలేమో అనుకుందో,
చెప్పి లాభం లేదనుకుందో.

ఫిబ్రవరిలో ప్రదర్శన.
తల్లిదండ్రులొస్తారు, చైర్మన్‌గారొస్తారు.
"నీట్‌గా ఉండాలి లోకనాథం గారూ"
ప్రిన్సిపాల్ మేడం రెండుసార్లు అన్నారు.
ఈ ఉద్యోగంలో
చెప్పకుండా చెప్పే పని అదొక్కటే.
ఆ రాత్రి ఇంట్లో లైటు కింద కూర్చుని
వంకర సూర్యుళ్లను గుండ్రం చేశాను,
ఏడు వేళ్ల అమ్మలకు రెండేసి వేళ్లు తగ్గించాను,
ధృతిక చెట్టుని
లేపి నిలబెట్టాను,
బోర్డుమీద సుద్దదారం కొట్టినట్టు
తిన్నగా.
అలవాటుకొద్దీ కుడిమూలకి పోబోయిన చేతిని
ఎలాగో ఆపుకున్నాను.

అందరూ వాళ్ల వాళ్ల బొమ్మల పక్కన నిలబడి
ఫొటోలు దిగారు.
ఈ గుంట నిలబడలేదు.
"ఇది నాది కాదు."
వాళ్ల నాన్న నవ్వి, కింద పేరు చూపించాడు.
"పేరు నాదే. చెట్టు నాది కాదు.
మా చెట్టు పడుకునే కాస్తాది."
తెలుగులో అంది. అదీ మా తెలుగులో,
చైర్మన్‌గారి ఎదుట.
జీడిపిక్కల బట్టీలో పదేళ్లు చేసి
వేళ్లు నల్లబడిపోయిన ఆయా చిన్నమ్మడు
చీపురు ఆపి,
"నిజిమే సారూ, తిత్లీకి ఒరిగిపోనాది గదా" అంది,
నా ఒక్కడికే వినబడేలా.

ఆదివారం దారి అడుగుతూ అడుగుతూ
వాళ్ల తోటకి వెళ్లాను.
ఉంది.
నిద్రలో ఒత్తిగిల్లిన తాతలా, కుడివైపుకి.
సగం వేళ్లు ఇంకా మట్టిని వదల్లేదు.
ఒళ్లంతా పూత. ఎర్రచీమలు తమ పనిలో తాము.
దాన్ని చూడాలంటే
నేనే తల పక్కకి వాల్చాల్సి వచ్చింది.
వాల్చాను.
కొండలు నిలువునా లేచాయి,
హైవేమీద లారీలు గోడ పాకుతున్నట్టు పోతున్నాయి.
జేబులో పెన్సిలుంది, కాగితం లేదు.
మెడ పట్టేసేదాకా అలాగే ఉన్నాను.

సోమవారం ధృతికకి కొత్త షీటిచ్చాను.
"మళ్లీ గీస్తావా, ఆ చెట్టు?"
"గీసేసేను గదా" అంది.
ఈసారి మేక.
కాళ్లు ఐదు.
నేను అడక్కముందే చెప్పింది:
ఐదోది, అది గెంతినప్పటిదట.